జీవమ్మ ఎక్కితే వెలిగే లైటు

ఎలియేజరు తలుపు అడుగు అంచుకు కూడా రంగు వేసే మనిషి. నేల వైపు ఉండే ఆ అంచును ఫోర్‌మన్ చూడడు, ఇంటాయన చూడడు, ఎలకకు తప్ప ఇంకెవరికీ దానితో పని లేదు. అయినా తలుపును గుమ్మానికి బిగించకముందే పక్కకు పడుకోబెట్టి, ఆ అంచుకు రెండు పూతలు వేసి, ఆరేదాకా దగ్గరే కూర్చునేవాడు. "మనకి కనపడదు గానీ చెమ్మకి కనపడుద్ది కదండీ" అనేవాడు. ఒక్కో మనిషి ఒక్కో పనికి ఎంతసేపు తీసుకున్నాడో రాసే ఉద్యోగం నాది. కాబట్టి ఆ అడుగు అంచులంటే నాకు ఒళ్ళు మండేది.

ఆ మంట పక్కన పెడితే ఎలియేజరంటే నాకు ఇష్టం. 1986లో మా కంపెనీ బహ్రెయిన్ దేశంలో, జల్లాఖ్ అనే ఊళ్ళో సముద్రం ఒడ్డున విశ్రాంతి గృహాలు కడుతోంది. క్యాంపు కూడా అక్కడే. రేకుల గదులు, గదికి ఎనిమిది మంది. నేను అచ్చిబాబుని, కాకినాడ దగ్గరివాణ్ని, క్యాంపు టైంకీపరుని, అప్పటికి పాతికేళ్ళవాణ్ని. ఎలియేజరుకు నలభై దాటాయి. రాజోలు వైపు మనిషి. మాటకు ముందో వెనకో "ఆయ్" అనకుండా ఉండలేడు.

అతని భార్య జీవమ్మ అతని కంటే రెండేళ్ళు ముందే బహ్రెయిన్ వచ్చింది. బుసైతీన్‌లో ఒక పెద్ద ఇంట్లో పనికి కుదిరింది. ఆవిడ ఉన్న దేశానికే తనకూ వీసా దొరికిందని తెలిసి, ఇక ఒకచోటే ఉంటామని ఎలియేజరు సంబరంగా విమానం ఎక్కాడు. మ్యాపులో ఆ దేశం వేలి గోరంత కూడా లేదు కదా అనుకున్నాడట. తీరా దిగాక ఆవిడకు వీసా ఇచ్చి రప్పించిన కఫీల్ వేరు, ఈయన కఫీల్ వేరు. దీవి చిన్నదే. కానీ ఆవిడ ఆ కొసన, ఈయన ఈ కొసన, మధ్యలో ముప్ఫై అయిదు కిలోమీటర్లు.

ఇద్దరూ కలిసేది గురువారం సాయంత్రం ఒక్కటే. అక్కడి ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు యజమానురాలిని 'మామా' అని పిలుస్తారు. జీవమ్మ మామా కాస్త దయ గల మనిషే. గురువారం ఆరున్నర నుంచి తొమ్మిదిదాకా సెలవిచ్చి, మనామాలో జరిగే తెలుగు ప్రార్థన కూడికకు భర్తతో వెళ్ళిరమ్మంది. షరతు ఒక్కటే పెట్టింది. తొమ్మిదికి గేటు లోపల ఉండాలి. ఒక్కసారి దాటినా ఖలాస్, ఆ తర్వాత గురువారాలు ఉండవు.

ఆ చలికాలంలో ఇంకో సంగతి కూడా తేలవలసి ఉంది. జీవమ్మ కాంట్రాక్టు ఫిబ్రవరితో అయిపోతుంది. ఇంకో రెండేళ్ళు ఉంటావా, ఇంటికి పోతావా, కొత్త సంవత్సరం నాటికి చెప్పమని మామా అడిగింది. వాళ్ళ కూతురు మణికి తొమ్మిదేళ్ళు, రాజోలులో పిన్ని సత్యకుమారి దగ్గర ఉండి చదువుకుంటోంది. జీవమ్మ మనసు సగం అక్కడే ఉండేది. "మీరున్నారు కాబట్టి ఉంటన్నానండీ. మిమ్మల్ని చూడ్డానికి లేకపోయాక నాకీ దేశం ఎందుకు?" అని భర్తతో తేల్చి చెప్పింది. అంటే ఆ రెండున్నర గంటలు సవ్యంగా సాగితే ఉంటుంది, సాగకపోతే వెళ్ళిపోతుంది. ఆ మాట నాతో చెప్పినప్పుడు ఎలియేజరు నవ్వుతూనే చెప్పాడు గానీ, భయపడుతున్నాడని తెలుస్తూనే ఉంది.

ఆ గురువారాల కోసమే అతను మోటారు సైకిల్ కొన్నాడు. అంతకుముందు రెండు బస్సులు మారి వెళితే, చివరి పాటకు ఆమేన్ చెప్పడానికి మాత్రమే అందేవాడు. స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక ఫోర్‌మన్ దగ్గర పాత జపాను బండి దొరికింది. ఇంజను బాగుంది గానీ, సముద్రపు గాలికి ఒళ్ళంతా తుప్పు. అక్టోబరులో వరసగా మూడు శుక్రవారాలు ఎలియేజరు ఆ బండి ముందు గొంతుక్కూర్చుని కనిపించాడు. ప్రతి బోల్టూ విప్పాడు. ఉప్పుకాగితంతో తుప్పంతా గీకి, రెడ్ ఆక్సైడు రెండు పూతలు, దాని మీద నెమలికంఠం రంగు ఎనామిల్ రెండు పూతలు వేశాడు. బోల్టు తల కిందా వేశాడు, బోల్టు పట్టే చోటా వేశాడు. సీటు విప్పి దాని కింద ఎక్కడెక్కడ ఇనుము కనపడితే అక్కడ వేశాడు. క్యాంపంతా వచ్చి చూసి మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను, ఆ పని నేను రాయక్కరలేదు కాబట్టి.

నవంబరులో మొదటి గురువారం. డ్యూటీ అయిదున్నరకు అయిపోయేసరికి చీకటి పడిపోయింది. జల్లాఖ్ నుంచి సఖీర్ మీదుగా అవాలీ చేరేదాకా ఆ రోజుల్లో రోడ్డు మీద ఒక్క దీపం లేదు. రెండు పక్కలా ఇసుక, నూనె గొట్టాలు, దూరంగా బావుల దగ్గర మండే గ్యాసు మంట. సఖీర్ ఎడారి మధ్యలో అతని హెడ్‌లైటు చుట్ట కొసంత ఎర్రబడి ఆరిపోయింది. ఇంజను మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంది. దిగి చూశాడు. తట్టాడు. వెలిగింది. ఎక్కాడు, నాలుగు గజాలు పోయాడు, ఆరిపోయింది. చివరికి నడిచే మనిషి వేగంతో అవాలీ దాకా వెళ్ళి, అక్కడి నుంచి వీధిదీపాల వెలుగులో బుసైతీన్ చేరేసరికి ఏడు దాటింది. జీవమ్మ గేటు దగ్గర బైబిలు సంచీతో నిలబడి ఉంది.

"లైటు పోయింది జీవా" అన్నాడు.

ఆవిడ వెనక ఎక్కి కూర్చుంది. బండి కదిలింది. ఎదురుగా వీధి చివరిదాకా లైటు పడింది, పెళ్ళివారి పెట్రోమాక్స్ మాదిరిగా. మనామా వెళ్ళేదాకా వెలిగింది, తిరిగి వచ్చేదాకా వెలిగింది. తొమ్మిదికి అయిదు నిమిషాల ముందు ఆవిణ్ణి గేటు దగ్గర దింపి, వీధి మలుపు తిరిగాడో లేదో లైటు ఆరిపోయింది.

పదకొండు దాటాక క్యాంపుకు చేరి నన్ను లేపి మరీ చెప్పాడు. "వచ్చిందండీ, పోయిందండీ, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. నాకేమీ బోధపడట్లేదు అచ్చిబాబూ." నిద్ర చెడగొట్టినందుకు నేను విసుక్కుని, బల్బు మార్చమని చెప్పి ముసుగు తన్నాను.

బల్బు మార్చాడు. రెండో గురువారం సఖీర్ దగ్గర ఆ కొత్త బల్బు ఒక్కసారిగా ఫోటో తీసినట్టు తెల్లగా మెరిసి మాడిపోయింది. అతని దగ్గర ఇంకో బల్బు ఉంది, అది పెట్టాడు. అది ఆరింది, వెలిగింది, ఆరింది. ఇండికేటరు వేస్తే హారను మూలిగేది. బ్రేకు తొక్కితే ముందు లైటు కళ్ళు తేలేసేది. మర్నాడు భోజనాల దగ్గర అతను ఇవన్నీ చెబుతుంటే వినేవాళ్ళందరూ తలో కారణం చెప్పారు. ఎడారి మంచుకు తీగలు తడుస్తున్నాయని ఒకరు, పెట్రోలులో నీళ్ళు కలిశాయని ఒకరు, ఆ నెలలోనే సౌదీ దాకా కొత్త వంతెన తెరవబోతున్నారు కాబట్టి దాని కరెంటుకు సంబంధం ఉండి ఉంటుందని ఇంకొకరు. సఖీర్‌లో జిన్నులు ఉన్నాయని వంటవాడు చెప్పాడు. ఎలియేజరు ప్రార్థన చేసే మనిషి, జిన్నుల మాట కొట్టిపారేశాడు. కానీ భార్య కూర్చుంటే వెలగడం, దిగితే ఆరడం ఏమిటో మాత్రం అతనికి అంతుపట్టలేదు. "ప్రార్థనకి వెళ్ళేటప్పుడు దేవుడే వెలిగిస్తన్నాడేమో" అని ఒకసారి అన్నాడు. "మరి మీరు కూడా ప్రార్థనకే కదా బయల్దేరుతున్నారు, జల్లాఖ్ నుంచే వెలిగించవచ్చు కదా" అన్నాను.

మూడో గురువారం ముప్పావు గంట ఆలస్యం. ఆ రోజు జీవమ్మ అడిగేసింది.

"వారం వారం లైటు పోయిందంటారు. నేనెక్కిన కాన్నించి ఒక్కసారైనా పోలేదు. అదెలాగండీ?"

"అదే నాకూ తెలీట్లేదు జీవా."

"సూర్యావతి ఆయనా ఇలాగే పంచరు పడిందనీ, చైను తెగిందనీ చెప్పేవోడంట. చివరికి హూరాలో ఎవత్తో ఇంట్లో దొరికాడు."

సూర్యావతి ఆ కూడికకు వచ్చే ఇంకో పనిమనిషి. ఆమె కథ అందరికీ తెలుసు. ఎలియేజరుకు ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. బ్రష్షు తప్ప ఇంకే వ్యసనం లేని మనిషి. ఆ రాత్రి వచ్చి తన మంచం మీద కూర్చుని చాలాసేపు చేతులు చూసుకున్నాడు. నాకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది. కోపం జీవమ్మ మీద కాదు, ఆ దిక్కుమాలిన బండి మీద.

నాలుగో గురువారం అతనో ఉపాయం చేశాడు. జీవమ్మను ఎక్కించుకుని, ప్రార్థనకు వెళ్ళే దారిలో గుదైబియా సందులో ఉన్న ఖాన్ రిపేరు కొట్టుకు తీసుకెళ్ళాడు. బండిలో లోపం ఉందని ఆ మెకానిక్ నోటితో చెప్పిస్తే ఆవిడ నమ్ముతుందని ఆశ. ఖాన్ ఆరడుగుల మనిషి, ఒక్కడే ఇద్దరంత ఉంటాడు. బండి సీటు నిండా కూర్చుని స్టార్టు చేశాడు. లైటు ధగధగా వెలిగింది. ఇండికేటరు టిక్కు టిక్కుమంది. హారను సందు మార్మోగేలా మోగింది. అయిదు నిమిషాలు అలా కూర్చుని అన్నీ నొక్కి చూసి, "భాయ్, కోయీ ఖరాబీ నహీ, ఏక్‌దమ్ అచ్ఛా హై" అని దిగకుండానే చెప్పాడు. బండిలో ఏ లోపమూ లేదన్నాడని తెలిసేంత హిందీ జీవమ్మకు వచ్చు.

ప్రార్థనలో ఆవిడ వేరే వరసలో కూర్చుంది. తిరిగొచ్చి గేటు దగ్గర దిగేటప్పుడు, "కొత్త సంవత్సరం దాకా ఎందుకులెండి, ఈ శుక్రవారమే మామాకి చెప్పేత్తాను, ఉండనని" అంది. ఎలియేజరు బతిమాలాడు. ఇంకొక్క వారం ఆగమన్నాడు. ఆవిడ "ఒక్క వారమే" అని లోపలికి వెళ్ళింది. ఆ రాత్రి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. రోడ్డు పక్కనుండే తెల్ల రాళ్ళను చూసుకుంటూ వచ్చానన్నాడు.

ఇక్కడ నా పాత్ర కొంచెం ఉంది. ఆ తరవాతి మంగళవారం సాయంత్రం క్షవరానికి జల్లాఖ్ ఊళ్ళోకి వెళ్ళాలని ఎలియేజరు బండి వెనక ఎక్కాను. దారంతా లైటు చక్కగా వెలిగింది. మంగలి కొట్టు ముందు దిగాను. ఆరిపోయింది. చెప్పు బండి దగ్గర జారితే తొడుక్కోవడానికి సీటు మీద చెయ్యి ఆనించి వంగాను. వెలిగింది. చెయ్యి తీశాను. ఆరింది. మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. క్షవరం సంగతి మరిచిపోయి, ఆ వీధిలో నేను ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం. చూసేవాళ్ళు మాకు మతి పోయిందనుకుని ఉంటారు. అంతా చేసి మాకు తెలిసింది ఏమిటంటే, లైటుకు జీవమ్మే అక్కరలేదు, నేనైనా చాలు. అది తెలిసి మరింత తికమక పడ్డాం.

క్యాంపుకు వచ్చి బాలన్నను పిలిచాం. బాలన్నది జగిత్యాల దగ్గర పల్లె, క్యాంపులో వెల్డరు. అతనికీ ఎలియేజరుకూ ఎప్పుడూ పడదు. ఈయన రంగు వేసిన చోటే ఆయనకు వెల్డింగు పని తగులుతుంది, ఆయన కాల్చిన చోటే ఈయన మళ్ళీ రంగు వెయ్యాలి. బాలన్న మేము చెప్పింది విని, నన్ను రెండుసార్లు ఎక్కించి దింపి, ఏమీ మాట్లాడకుండా స్పానరు తెచ్చి సీటు విప్పాడు. టార్చి కొట్టి చూసి నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపడే.

"ఏందే పెయింటరన్నా, గీడ గూడ రంగేసినవా?"

"ఆయ్. తుప్పు పట్టదా మరి?"

"గీ నల్ల వైరు జూడు. బ్యాటరీకెల్లి వచ్చి గీ బోల్టు కింద ఇనుముకు తాకాలె. నేను వెల్డింగు కొట్టేటప్పుడు ఎర్త్ క్లాంపు నీ రంగు మీద పెడ్తే మంట వస్తదా? గీకినంకనే గదా వచ్చేది. దీనికి పోయేటందుకే వైరు ఉంటది, తిరిగొచ్చేది ఇనుము మీదికెల్లి. నువ్వు ఇనుముకు అంగీ తొడిగినవ్, కరెంటు యాడికెల్లి రావాలె?"

వెనక ఎవరైనా కూర్చుంటే సీటు అడుగు రేకు కిందికి దిగి ఆ వైరు కొసను నొక్కుతోంది. అప్పుడు పట్టు దొరికి అన్నీ వెలుగుతున్నాయి. ఎలియేజరు బక్క మనిషి, పైగా ట్యాంకు మీదికి జరిగి కూర్చుంటాడు, కాబట్టి ఒక్కడే ఉంటే ఏదీ నొక్కుకోదు. ఖాన్ సంగతి వేరే చెప్పక్కరలేదు. నెల రోజుల తికమక అయిదు నిమిషాల్లో తేలిపోయింది. తుప్పు నుంచి కాపాడదామని ఎవరూ చూడని చోట ఎవరూ వెయ్యని రంగు వేసినందుకు వచ్చిన తంటా ఇది. ఇంకే మనిషికీ ఈ జబ్బు రాదు, ఇంకే మనిషి బండికీ రాదు.

బాలన్న ఆకురాయి తీసి ఆ చోట గీకబోయాడు. ఎలియేజరు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"గురువారం దాకా ఆగు బాలన్నా."

"ఏమిటికి?"

"ఆవిడ చూడాలి. ఇప్పుడు నువ్వు గీకేత్తే ఎల్లుండి శుభ్రంగా వెలుగుద్ది. ఆవిడ ఎక్కినా వెలుగుద్ది, దిగినా వెలుగుద్ది. బాగున్న బండి చూపించి ఇది చెడిపోయిందని ఎలా చెప్పేది? నేను చెప్పినయ్యన్నీ అబద్ధాలే అయిపోతాయి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సఖీర్‌లో ఏ నీళ్ళ ట్యాంకరో గుద్దితే అప్పుడు ఎవరికి చూపిస్తారన్నాను. కావాలంటే నేను చీటీ రాసిస్తాను, కంపెనీ ముద్ర కూడా వేసిస్తానన్నాను.

"నా మాటే నమ్మలేదు, మీ చీటీ నమ్ముద్దా?" అన్నాడు.

"దుబాయికొచ్చినోళ్ళల్ల ఇసొంటి పిచ్చోన్ని నేను జూడలె" అని, ఏ గల్ఫు దేశాన్నైనా దుబాయే అనే బాలన్న సీటు మళ్ళీ బిగించి వెళ్ళిపోయాడు. సీటు బిగించేటప్పుడు చెయ్యి నెమ్మదిగానే వాడాడు, ఆ లోపం చెదిరిపోకుండా.

గురువారం అయిదున్నరకు ఎలియేజరు బయల్దేరాడు. పాడైన లైటుతో, పాడైందని రుజువు చేసుకోవడానికి. ఆ తర్వాత జరిగింది అతను చెప్పగా విన్నాను. సఖీర్ దాకా ఒక ట్యాంకరు వెనక ఎర్ర దీపాలు పట్టుకుని వెళ్ళాడు. ఆ ట్యాంకరు నూనె బావుల వైపు తిరిగింది, ఈయనకు తెలియలేదు. దాని వెనకే మట్టిదారి పట్టి, ఇసుకలో చక్రం కూరుకుపోయి పడ్డాడు. ఎడమ మోచెయ్యి గీరుకుపోయింది. లేచి దుమ్ము దులుపుకుని, ఎటు నుంచి వచ్చాడో, ఎటు పోవాలో తెలియక కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆ కాసేపూ చాలా భయం వేసిందని చెప్పాడు. తరువాత గ్యాసు మంటను కుడి చేతి వైపు పెట్టుకుని నడిపించుకుంటూ రోడ్డు మీదకు వచ్చాడు.

బుసైతీన్ చేరేసరికి ఏడూ ఇరవై. జీవమ్మ గేటు దగ్గరే ఉంది. ఈసారి చేతిలో బైబిలు సంచీ లేదు.

"రేపు పొద్దున్నే మామాకి చెప్పేత్తన్నాను. ఉండను" అంది.

"సరే. ముందు ఎక్కు."

"ఎందుకు?"

"ఒక్కసారి ఎక్కు జీవా."

ఎదురుగా తెల్లటి ప్రహరీ గోడ ఉంది. ఆవిడ ఎక్కింది. గోడ మీద గుండ్రంగా వెలుగు పడింది. "దిగు" అన్నాడు. దిగింది. గోడ నల్లబడింది. "ఎక్కు" అన్నాడు. వెలిగింది. మూడోసారి అతను చెప్పకుండానే ఆవిడ ఎక్కి దిగింది. నాలుగోసారి ఎక్కకుండా రెండు చేతులతో సీటును నొక్కి పట్టింది. వెలిగింది. చేతులు తీసింది. ఆరింది. అతను రంగు సంగతి, వైరు సంగతి, బాలన్న చెప్పిందంతా గబగబా చెప్పుకుపోతున్నాడు. ఆవిడ వింటున్నట్టు లేదు. గోడ వైపే చూస్తోంది.

"ఇన్ని వారాలూ ఇలాగే వచ్చారా?"

"ఆయ్."

"నన్ను దింపేశాక తిరిగెళ్ళేటప్పుడు?"

"అప్పుడూ అంతే."

ఆవిడ అప్పుడు అతని మోచెయ్యి చూసింది. చున్నీ కొసతో ఇసుక తుడిచింది. "ఐతే నేను దిగితే మీకు దీపం లేదన్నమాట" అంది, తనలో తను అనుకున్నట్టు. వెనక ఎక్కి సర్దుకుని కూర్చుంది.

"ప్రార్థన అయిపోడానికి ఇంకా గంట టైముంది" అన్నాడతను.

"ప్రార్థనకి కాదు. మీ క్యాంపుకి పదండి. ఆ గీకేదేదో గీకించండి."

"జల్లాఖ్ వెళ్ళి వచ్చేసరికి పదవుద్ది. తొమ్మిది దాటితే ఖలాస్ కదా."

"తెలుసు" అంది.

ఎనిమిదిన్నర దాటాక మా క్యాంపు గేటులోకి ఆ బండి వచ్చింది. ఆ లైటు అంత బాగా వెలగడం చూసి ముందు నేను గుర్తుపట్టలేదు. క్యాంపు మొదలెట్టాక అందులోకి ఒక ఆడమనిషి రావడం అదే మొదలు. ఆరుబయట లుంగీలతో, బనీన్లతో ఉన్నవాళ్ళంతా గదుల్లోకి పరుగెత్తారు. ఒకడు స్నానాల గదిలోంచి బయటికి రాలేక అరగంట లోపలే ఉండిపోయాడు. బాలన్న చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని స్పానరుతో వచ్చాడు. సీటు విప్పి, ఆకురాయి ఎలియేజరు చేతిలో పెట్టాడు. "నీ రంగు నువ్వే గీకు అన్నా, నా మీదికి రావద్దు" అన్నాడు.

ఎలియేజరు తన రంగును తనే గీకాడు. ముందు నెమలికంఠం రంగు పోయింది, తర్వాత ఎర్ర పూత పోయింది, అడుగున తెల్లటి ఇనుము తేలింది. పంటి నొప్పి ఉన్నవాడిలా మొహం పెట్టాడు. వైరు బిగించి, సీటు బిగించి, ఒక్కడే ఎక్కి స్టార్టు చేశాడు. లైటు వెలిగింది. దిగి చూశాడు. వెలుగుతూనే ఉంది.

నేను జీవమ్మకు టీ తెచ్చి ఇచ్చాను.

"మీరేనా టైం రాసేది?" అని అడిగింది.

"అవునమ్మా."

"ఎంతయింది?"

"ఎనిమిదీ నలభై అయిదు. ఇప్పుడు బయల్దేరినా పావు తక్కువ పది అవుతుంది."

ఆవిడ తలూపింది. నా కాళ్ళ కింద నిప్పులు పోసినట్టుంది గానీ, ఆవిడ మాత్రం తొందరపడలేదు. ఎలియేజరు మంచం ఏదో చూపించమంది. కిటికీలోంచే చూసింది. మంచం కింద అతని డబ్బాలు, బ్రష్షులు, గోడకు మణి ఫోటో. టీ ఆఖరి గుక్క దాకా తాగి, గ్లాసు నాకు ఇచ్చి, బాలన్నకు దణ్ణం పెట్టి బండి ఎక్కింది.

వాళ్ళు గేటు చేరేసరికి పది దాటింది. మామా తనే వచ్చి తలుపు తీసింది. కేకలు వెయ్యలేదు. చేతి గడియారం చూపించి, "ఖలాస్" అని ఒక్క మాట అంది. గురువారాలు అయిపోయాయి. జీవమ్మ కాంట్రాక్టు మీద సంతకం పెట్టలేదు. ఫిబ్రవరిలో విమానాశ్రయంలో ఎలియేజరు ఆవిణ్ణి పది నిమిషాలు చూశాడు. ఆ తర్వాత రెండేళ్ళు అతను మా క్యాంపులోనే ఉన్నాడు. బండి లైటు మళ్ళీ ఒక్కసారి కూడా పోలేదు, గురువారం సాయంత్రాలు దాన్ని బయటికి తీసే పనీ పడలేదు.

ఆ ఇద్దరి మీదా నాకు కోపం పోవడానికి చాలాకాలం పట్టింది. ఎంత ఆలోచించినా ఒక సంగతి నాకు అర్థమయ్యేది కాదు. ఆ వేసవిలో ఒక సాయంత్రం భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగేశాను.

"ఎలియేజరన్నా, బుసైతీన్ దాటగానే ముహర్రఖ్‌లో రిపేరు కొట్లున్నాయి. గురువారం రాత్రి అన్నీ తెరిచే ఉంటాయి. ఒక స్పానరు, ఒక ఆకురాయి అడిగితే ఎవడైనా ఇచ్చేవాడు. పావుగంట పని. ఎనిమిదికల్లా ఆవిడ గేటు లోపల ఉండేది, మీకు గురువారాలు మిగిలేవి. ఆ మాట మీకు తట్టనే లేదా?"

అతను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"తట్టింది. మొదటి కొట్టు ముందు బ్రేకు కూడా వేశాను" అన్నాడు. "ఆవిడ వెనక నుంచి నా చొక్కా పట్టుకుని, 'పోనియ్యండి' అంది."

"ఎందుకని అడగలేదా?"

"లేదు. ఆ చీకటి దారిలో ఒక్కసారైనా ఆవిడ నా వెనకుండాలనిపించింది, నేనూ పోనిచ్చాను."